చెప్పిన కొలత

"రాసుకోవే, పదహారు. ఒకటి పక్కన ఆరు. అదైనా వచ్చా?"

స్టూడియో బావగారి గొంతు ఫోన్లోంచి వచ్చి గదంతా పరుచుకుంది. ఆ ఫోన్‌ను టైలరమ్మ మొగుడు స్పీకర్లో పెట్టి, రెండు చేతులా పట్టుకొని నిలబడ్డాడు. అన్నగారు ఎదురుగా ఉన్నా లేకపోయినా ఆయన అలాగే నిలబడతాడు. రోజంతా సిటీ బస్సు తోలి నలుగురి మీద అరిచే మనిషి అన్నగారి ముందు మాత్రం బస్సులో టికెట్టు పోగొట్టుకున్నవాడిలా అయిపోతాడు.

కంప్యూటర్ ముందు కూర్చున్న బుల్లి వేళ్లు మీటల మీదే ఆగిపోయాయి. రికార్డు చేసిన మాటలు విని, ఇంట్లోనే కూర్చుని టైపు చేసే ఉద్యోగానికి దరఖాస్తు నింపుతోంది. ఊరూ పేరూ చదువూ అయ్యాక చివర్లో ఒక పట్టిక వచ్చింది. మీ ఇంటి కంప్యూటర్లో ప్రాసెసర్ ఏది, మెమరీ ఎంత, డిస్కు ఎలాంటిది, సిస్టం ఏ వెర్షను అని. మెమరీ ఎనిమిది జీబీకి తగ్గితే పరీక్షకు పనికిరాదని కింద ఒక ముక్క కూడా ఉంది.

"ఒక్కసారి లోపల చూసి రాస్తా పెదనాన్నా. రెండు నిమిషాలు."

"లోపలేం చూస్తావే? నేను దగ్గరుండి చేయించిన మిషను. కన్నతల్లి దగ్గరికెళ్లి, నీ బిడ్డకు వేళ్లెన్నో లెక్కపెట్టి చెబుతానన్నాడంట నీలాంటివాడే. డబ్బా మీద స్టిక్కరుంది చూడు, ఐ పక్కన ఏడు. కనపడుతోందా, కళ్లజోడు పంపించమంటావా?"

"స్టిక్కరు కనపడుతోంది గానీ..."

"గానీ ఏంటి? డిస్కు కొత్త రకం, ఎస్ ఎస్ డీ. మెమరీ పదహారు. మన చుట్టాల్లో ఇంకెవరింట్లోనైనా ఉందా పదహారు?"

బుల్లి తల్లివైపు చూసింది. టైలరమ్మ పెదవుల మధ్య నాలుగు గుండుసూదులున్నాయి. వాటిని ఒక్కొక్కటే తీసి దిండుకు గుచ్చి, తర్వాత నోరు విప్పింది.

"రాయవే బుల్లీ. పెద్దాయన చెబుతున్నారు కదా."

ఆ నాలుగు సూదులూ నోట్లోనే ఉండిపోతే ఎంత బాగుండేదో అని తర్వాత ఎన్నిసార్లు అనుకుందో ఆమెకే తెలియదు.

ఎందుకంటే, చెప్పిన కొలతకు గుడ్డ కత్తిరించకూడదన్నది ఆమె వృత్తిలో మొదటి మాట. వచ్చినవాళ్లంతా "నడుం ముప్పై అక్కా, రాసుకో" అంటారు. మనిషి నోటికి పదేళ్ల కిందటి కొలతే గుర్తుంటుంది. అందుకని ఆమె కొలతల పుస్తకంలో రెండు గళ్లుంటాయి. ఒకదాని మీద "చెప్పింది", రెండోదాని మీద "తీసింది". మొదటి గడి వచ్చినవాళ్ల మనశ్శాంతికి. కత్తెర పడేది మాత్రం రెండోదానికే. ఇరవై ఏళ్లుగా ఎవరు చెప్పినా, ఎంత గదమాయించి చెప్పినా, ఆ మాట నమ్మి ఆమె గుడ్డ మీద సుద్దగీత పెట్టలేదు.

ఆ రోజు మాత్రం సొంత కూతురి విషయంలో పెట్టేసింది.

పరీక్ష మర్నాడు పొద్దున్నే. బుల్లి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చుంది. కుట్టుమిషను చప్పుడైతే ఇబ్బందని టైలరమ్మ ఆ పూట చేత్తో కాజాలు కుట్టే పని పెట్టుకొని, గుమ్మం పక్కన చేరి, కూతురి వేళ్లనే చూస్తూ కూర్చుంది.

మొదటి ఐదు నిమిషాలూ బాగానే ఉంది. తర్వాత డబ్బాలోని ఫ్యాను గట్టెక్కలేని లారీలా రొద పెట్టింది. బుల్లి కొడుతున్న అక్షరాలు తెర మీద పడటం లేదు. కొడుతుంది, ఆగుతుంది, మళ్లీ కొడుతుంది. కాసేపటికి ఆగిన అక్షరాలన్నీ ఒక్క గుంపుగా వచ్చి పడతాయి. ఈలోపు అవతల మాట్లాడేవాడు ఎక్కడికో వెళ్లిపోతాడు. వెనక్కి తిప్పితే వాడి గొంతు అక్కడే చిక్కుకొని "మ మ మ మ" అంటుంది.

టైలరమ్మకు ఆ సంగతి తెలియదు. ఆమెకు కనిపించింది కూతురి వేళ్లు గాల్లో ఆగిపోవడం ఒక్కటే. పిల్లకు నరాల జబ్బేమైనా పట్టిందా? ఎదురింటి ముసలాయనకు పక్షవాతం వచ్చే ముందు గ్లాసు ఇలాగే గాల్లో ఆగిపోయేదని విన్నది గుర్తొచ్చింది. సూది వేలికి గుచ్చుకుంది. తెల్ల చొక్కాకు రక్తం ఎక్కడ అంటుతుందోనని వేలు నోట్లో పెట్టుకుంది గానీ చూపు మాత్రం కదల్చలేదు.

గంట అయ్యేసరికి పరీక్షలో సగం కూడా కాలేదు. బుల్లి హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, "అంతేనమ్మా" అని లేచి వెళ్లిపోయింది.

ఆ మర్నాడు ఫోన్లోకి ఉత్తరం వచ్చింది. మీరు రాసిన వివరాలూ, పరీక్షప్పుడు మా ప్రోగ్రాం గుర్తించిన వివరాలూ కలవలేదు. తప్పుడు సమాచారం ఇచ్చినట్టు భావిస్తున్నాం. మూడు రోజుల్లో సరైన వివరాలు ఆధారంతో పంపకపోతే మీ దరఖాస్తు రద్దవుతుంది, ఇకపై తీసుకోబడదు.

మొగుడు దాన్ని కూడబలుక్కుని చదువుతుంటే "తప్పుడు సమాచారం" దగ్గరే టైలరమ్మ ప్రాణం జారిపోయింది. మిగతాదంతా ఆమె చెవికెక్కలేదు. పోలీసులు ఇంటికొస్తే పిల్లని జీపులో వెనక కూర్చోబెడతారా ముందా? ఆడపోలీసులుంటారా? పక్క వాటాలోవాళ్లు కిటికీ తీస్తారా? ఇంత దూరం వెళ్లొచ్చింది ఆ రెండు నిమిషాల్లో.

సాయంత్రం స్టూడియో బావగారు స్వయంగా వచ్చారు. కుర్చీ చూపించకముందే కూర్చున్నారు. సగం జీవితం ఆయన ఫొటోల్లో మొహాలు తెల్లగా చేయడంలోనే గడిపారు. ఉన్న మచ్చ తీసేయడం, లేని జుట్టు పెట్టడం, రెండు గడ్డాలుంటే ఒకటి చెరిపేయడం. పెళ్లిచూపులకు ఆయన దగ్గర ఫొటో దిగిన పిల్లని ఎదురుగా చూస్తే పెళ్లికొడుకు "ఈమె అక్కగారా" అని అడిగాడని చెప్పుకుంటారు. ఆ పని కంప్యూటర్లో చేస్తారు కాబట్టి చుట్టాలందరిలో ఆయనే కంప్యూటర్ పండితుడు. ఎవరింట్లో ఏ మిషను కొనాలన్నా ఆయన మాట పడాల్సిందే.

ఉత్తరమున్న ఫోన్‌ను కళ్ల ముందు అటూ ఇటూ ఆడించి, మంచం మీద పడేశారు.

"మిషన్‌ని అనకండి. గుర్రం మంచిదేరా తమ్ముడూ. ఎక్కినవాడికి చేతకావాలి." డబ్బా మీద అరచేత్తో రెండు దెబ్బలు వేశారు. "పదహారు ఉన్న మిషన్ మీద నిమిషానికి పది మాటలు కొట్టలేనివాళ్లని ఏమంటారు? నేననను. పిల్ల బాధపడుతుంది."

బుల్లి లోపలి గదిలోనే ఉంది. తలుపు తెరిచే ఉంది.

"అన్నయ్యా, మరి ఉత్తరంలో వివరాలు కలవలేదని..." మొగుడు గొణిగాడు.

"కాదనడానికి ఏదో ఒకటి రాస్తార్రా. నీ కూతురికి బుర్ర లేదు అని రాస్తారా మొహం మీద? సరే, సోమవారం నుంచి స్టూడియోకి పంపించు. ఫ్రేములు తుడుస్తుంది, వచ్చినవాళ్లకి దువ్వెన అందిస్తుంది. బుర్రతో పని లేదు. ఏమ్మా, అలా నిలబడ్డావు? టీ ఏమైనా ఉందా, అదీ రద్దయిందా?"

టైలరమ్మ టీ పెట్టింది. పాలు పొంగిపోయాయి. చెప్పేవాడికి వినేవాడు లోకువ. ఈ ఇంట్లో వినేవాళ్లు ముగ్గురు. అందులో తనూ ఒకతె, కాదంటే అబద్ధం. "రాయవే" అన్నది ఎవరు మరి?

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక మొగుడు డ్యూటీకి వెళ్లిపోయాడు. బుల్లి గోడవైపు తిరిగి పడుకుంది. రెండో రోజు సగం అయిపోయింది.

"లేచి ఒకసారి చూడవే. లోపల చూస్తానన్నావుగా అప్పుడు."

"ఎందుకమ్మా? నేను అబద్ధాలకోరునంట, బుర్రలేనిదాన్నంట. సోమవారం దువ్వెన అందిస్తాలే."

టైలరమ్మ కొలతల పుస్తకం తెచ్చింది. పెన్సిలు చెవిలో దోపుకొని కంప్యూటర్ ముందు కూర్చుంది. ఆ కుర్చీలో ఆమె దుమ్ము తుడవడానికి తప్ప ఎప్పుడూ వంగలేదు. ఏదైనా నొక్కితే పేలుతుందని ఒక భయం, లోపలున్నదంతా చెరిగిపోతుందని ఇంకో భయం. చదివింది ఏడో తరగతి. ఇంగ్లీషు అక్షరాలు చొక్కాల కాలర్ల మీద ఎస్సూ ఎమ్మూ ఎల్లూ చూసి మరిచిపోకుండా ఉన్నాయి. అంకెలకు మాత్రం ఆమె ఎవరికీ భయపడదు.

"ఎక్కడ నొక్కాలే?"

జవాబు గోడవైపు నుంచే వచ్చింది. "నీకెందుకమ్మా, ఏదైనా అయిపోతే?"

"అయితే అవనీ. ఎక్కడ?"

"...కిటికీ బొమ్మ ఉన్న మీట. అది పట్టుకొని, ఎక్స్ నొక్కు."

ఎడమచేతి వేలితో ఒకటి, కుడిచేతి వేలితో ఒకటి. వేడి ఇస్త్రీపెట్టెను తాకినట్టు తాకి తీసేసింది. తెర మీద ఏం కదల్లేదు. మళ్లీ, ఈసారి గట్టిగా. మూలన ఒక చీటీ లేచి నిలబడింది.

"వచ్చింది! ఏదో వరసగా వచ్చింది!"

"అందులో సిస్టం అని ఉంటుంది. ఎస్ తో మొదలు."

"ఎస్. స్మాల్ సైజు ఎస్." బాణాన్ని దాని మీదికి తేవడానికి మౌసు బల్ల చివరిదాకా పోయింది. నొక్కింది. తెల్లటి పేజీ తెరుచుకుంది. ఆమె పుస్తకంలో గీత గీసి, ఎప్పటిలాగే రెండు గళ్లు పెట్టింది. చెప్పింది. తీసింది.

"ప్రాసెసర్ అన్న చోట ఏముందమ్మా?"

"ఐ ఉంది. గీత. పక్కన మూడు."

"ఏడు."

"మూడే. నాకు మూడుకూ ఏడుకూ తేడా తెలియదా?" వంగి డబ్బా మీది స్టిక్కరు చూసింది. ఏడు. మళ్లీ తెర చూసింది. మూడు. స్టిక్కరు అంచు గోరుతో గీరితే అలవోకగా లేచొచ్చింది. కింద అంతకుముందు ఇంకేదో స్టిక్కరు అంటించి పీకిన జిగురు మరక.

మంచం కిర్రుమంది. పిల్ల వెల్లకిలా తిరిగినట్టుంది.

"దాని కిందే మెమరీ ఉంటుంది. జీబీ అని."

టైలరమ్మ పెన్సిలు తీసింది. టేపు చదివేటప్పుడు లాగే ఒక కన్ను మూసి, తెరకు దగ్గరగా వెళ్లింది. ఒక్క అంకె. దాని పక్కన చుక్క, రెండు సున్నాలు. ముందు ఒకటేమైనా దాక్కుందేమోనని తెర మీద వేలు పెట్టి చూసింది.

"నాలుగు."

"ఎంత?"

"నాలుగే బుల్లీ. ఒకటీ లేదు, ఆరూ లేదు."

ఈసారి పిల్ల లేచి కూర్చుంది. జుట్టు మొహం మీద పడి ఉంది. నాలుగడుగుల్లో వచ్చి తల్లి భుజం మీదుగా వంగింది. తర్వాతవి తనే చూపించింది. మూడు మీటలు ఒక్కసారి నొక్కితే ఇంకో పేజీ. అందులో డిస్కు పాత రకం, తిరిగే రకం. మెమరీ అన్నచోట రకం, వేగం, చివర్లో ఒక చిన్న వరస: మెమరీ ముక్కలు పెట్టే రెండు గదుల్లో ఒకటే నిండింది. టైలరమ్మ ఒక్కొక్కటీ రెండో గడిలో రాసింది. రాయడం రాని అక్షరాలను డిజైను దించినట్టు దించింది.

పైన పటారం, లోన లొటారం. దీన్నా ఆయన అరచేత్తో చరిచి గుర్రమన్నది! ఈ నాలుగు కాళ్లలో మూడు విరిగిన గుర్రం మీద కూర్చోబెట్టి, పరిగెత్తలేదనా పిల్లని తిట్టింది!

ఆ పేజీలకు ఫొటోలు తీసి, బుల్లి ఉత్తరం మొదలుపెట్టింది. "మా పెదనాన్న చెప్పిన ప్రకారం..."

"అది తీసెయ్," అంది టైలరమ్మ.

"నిజమే కదమ్మా!"

"నిజమే. ఎవరో చెప్పారని గుడ్డ పాడుచేసిన టైలర్‌ని ఎవరు నమ్ముతారు? కత్తెర పట్టింది మనం. చూడకుండా రాశాం, తప్పు మాది, ఇప్పుడు చూసి రాస్తున్నాం అని రాయి."

బుల్లి తల్లిని ఒక్క క్షణం చూసి, మొదటి వాక్యం చెరిపేసింది.

జవాబు శనివారం పొద్దున వచ్చింది. ఒప్పుకున్నందుకు సంతోషం, సోమవారంలోగా మెమరీ ఎనిమిది చేసుకోగలిగితే మళ్లీ పరీక్ష పెడతాం, మిగతావి సరిపోతాయి. అంతే. ఇంతోటి రెండు వరసలకు రెండు రోజులు పిల్ల కళ్లు ఎర్రగా ఉంచారు మహానుభావులు.

బస్‌స్టాండ్ దగ్గర రిపేరు బడ్డీ అతను తల వంచుకొనే ఉన్నాడు. ఆడవాళ్లు వస్తే అతనికి తల ఎత్తే అలవాటున్నట్టు లేదు. "మిషన్ తీసుకురావాలమ్మా. ఏ రకమో తెలియకుండా ఏం ఇస్తాం? మీవాళ్లెవరినైనా పంపించండి."

టైలరమ్మ పుస్తకం తెరిచి రెండో గడి చదివింది. రకం, వేగం, ఒక గది ఖాళీ, కావాల్సింది ఇంకో నాలుగు.

అతని తల లేచింది. పుస్తకం తన వైపు తిప్పుకున్నాడు. బొమ్మల్లా దించిన అక్షరాల మీద వేలు నడిపాడు. "ఎవరు రాశారమ్మా ఇది?"

"నేనే. టైలర్ని."

అతను లోపలున్న చచ్చిన మిషన్లలో వెతికి, దువ్వెనలా ఉన్న ఒక పచ్చ ముక్క తీశాడు. గదిలో ఎలా దూర్చాలో, రెండు చెవులూ టక్కుమనేదాకా ఎలా నొక్కాలో చూపించాడు. బదులుగా అతని పనిముట్ల సంచికి కొత్త జిప్పు వేసివ్వడానికి ఒప్పందం. జిప్పు కుట్టడం ఆమెకు పావుగంట పని. పచ్చ ముక్క దూర్చడానికి తల్లీకూతుళ్లకు గంటన్నర పట్టింది, అందులో గంట భయపడటానికే.

ఆదివారం స్టూడియో బావగారు ప్యాంటు గుడ్డ తీసుకొని వచ్చారు. ఫొటోగ్రాఫర్ల సంఘంవాళ్లు ఆయనకు శాలువా కప్పుతున్నారట.

"పిల్ల రేపటి నుంచి వస్తోందిగా?"

"బావగారూ," అంది టైలరమ్మ, "ముందు ఆ పదహారు ఎక్కడుందో ఒకసారి చూపించండి. మేం వెతికితే దొరకలేదు."

ఆయన నవ్వి కుర్చీ లాక్కున్నారు. డబ్బా వైపు చూశారు. స్టిక్కరు లేదు. తెర మీద ఫొటోలున్న చోట నొక్కారు, పాటలున్న చోట నొక్కారు. ఒక పేజీ తెరిచి మూశారు, మళ్లీ అదే తెరిచారు. మెడ మీద చెమట పట్టింది. టైలరమ్మకు అప్పుడు అర్థమైంది. ఈయన అబద్ధం కూడా చెప్పలేదు. అబద్ధం చెప్పాలంటే నిజం తెలిసుండాలి. అమ్మినవాడు చెప్పింది ఈయన విన్నాడు, ఈయన చెప్పింది వీళ్లు విన్నారు. ఇన్నేళ్లుగా ఒక్కరూ లోపల చూడలేదు.

కిటికీ బొమ్మ మీటను ఒక వేలితో, ఎక్స్‌ను ఒక వేలితో ఆమే నొక్కింది.

"ఎనిమిది. అందులో నాలుగు మేం నిన్న పెట్టింది."

బావగారు గొంతు సవరించుకున్నారు.

"వైరస్ తినేసి ఉంటుంది."

"పన్నెండా బావగారూ?"

మొగుడు గబుక్కున కిటికీ వైపు తిరిగాడు. భుజాలు కదులుతున్నాయి. పెళ్లయినప్పటి నుంచీ అన్నగారి ఎదుట ఆయన నవ్వడం టైలరమ్మ చూడలేదు.

"సరే సరే. కొలత రాసుకో, పనుంది నాకు. నడుం ముప్పై నాలుగు. ఎప్పుడూ కుట్టేదేగా."

ఎప్పుడూ కుట్టేదే. మొదటి గడిలో ముప్పై నాలుగు రాయడం, ఆయన వెళ్లాక కంటి అంచనాతో రెండో గడిలో నలభై రాసి కత్తిరించడం. ఆయన మాత్రం టేపు చుట్టనివ్వరు. "నా కొలత నాకు తెలియదా" అంటారు. పదేళ్లుగా ఆ ప్యాంట్లేసుకొని, తన నడుం మారలేదని ఊరంతా చెప్పుకుంటున్నారు.

టైలరమ్మ మొదటి గడిలో ముప్పై నాలుగు రాసింది. కాస్త ఆగి, రెండో గడిలో కూడా ముప్పై నాలుగే రాసింది. గుడ్డ పాడుచేయడానికి ప్రాణం ఒప్పక, వెనక కుట్టులోనూ పక్క కుట్లలోనూ కలిపి ఏడంగుళాలు లోపలికి మడిచి వదిలింది. విప్పితే వస్తుంది. విప్పమని అడగాలి, అంతే.

బుధవారం పొద్దున ఆయన ప్యాంటు చేత్తో పట్టుకొని వచ్చారు. శాలువా ఆ సాయంత్రమే. బుల్లి హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుని ఉంది. సోమవారం పరీక్ష, మంగళవారం జవాబు, ఈ రోజు మొదటి రికార్డు. కొట్టిన అక్షరం కొట్టినట్టే తెర మీద పడుతోంది.

"పట్టట్లేదమ్మా," అన్నారు బావగారు తగ్గిన గొంతుతో.

"మీరు చెప్పిన కొలతే కదండీ. మరి మీకే తెలియాలి."

ఆయన బుల్లి వీపు వైపు చూశారు. తమ్ముడి వైపు చూశారు. తమ్ముడు యూనిఫాం బొత్తాలు పెట్టుకుంటూ, ఎంతకీ పూర్తికానట్టు మళ్లీ మొదటి బొత్తాం దగ్గరికి వెళ్లాడు.

"ఏదైనా చెయ్యి."

"చేస్తాను. చేతులు పైకెత్తండి."

ఆయన ఎత్తారు. టైలరమ్మ మెడలోంచి టేపు తీసి ఆయన నడుం చుట్టూ తిప్పింది. ఆయన పొట్ట లోపలికి లాక్కుని, మొహం ఎర్రబడేలా ఊపిరి బిగబట్టారు. ఆమె టేపు పట్టుకొని నిలబడింది. తొందరేం లేదు.

"వదలండి బావగారూ," అంది. "ఎంతసేపని?"

ఆయన వదిలారు. టేపు ఆమె వేళ్ల మధ్య నుంచి మెల్లగా జారింది. జారి, ఆగింది. ఆమె ఒక కన్ను మూసి చూసింది.

"నలభై ఒకటి," అని గదిలో అందరికీ వినపడేలా చదివి, రెండో గడిలో ముప్పై నాలుగు కొట్టేసి రాసుకుంది.